ఆయమ్మ కొంగులో ఫిల్ము ముక్క

పోయిన చలికాలంలో మా అన్న మనవరాలు మా ఇంటికి వచ్చింది. గుంటూరులో ఒక ఆస్పత్రిలో నర్సు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల్ని అద్దాల పెట్టెల్లో ఉంచి కాపాడే వార్డులో పని. ఆ బిడ్డలకి ఎక్స్‌రే ఎట్లా తీస్తారో చెప్పమని అడిగాను. పని మానేసి ఎన్నేళ్ళయినా ఆ యావ నన్ను వదల్లేదు. మిషను చక్రాల మీద బిడ్డ దగ్గరికే వస్తుందట. బిడ్డ రొమ్ము మేరకే కిరణం పడేట్టు చూసుకుంటారట. తక్కినవాళ్ళంతా దూరం జరుగుతారట. తీసేవాళ్ళ చొక్కాకి చిన్న బిళ్ళ ఉంటుందట, వాళ్ళకి ఎంత కిరణం తగిలిందో అది చెబుతుందట.

అన్నీ చెప్పి, "మరి మీ రోజుల్లో చంటిపిల్లల్ని ఎవరు పట్టుకునేవాళ్ళు తాతయ్యా?" అంది.

"ఆయమ్మ."

"ఎప్పుడూ ఆవిడేనా?"

"ఎప్పుడూ ఆవిడే."

పిల్ల చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. ఆ తర్వాత మాట మార్చింది. నేనేదో బాధపడతానని కాబోలు. కానీ ఆమె అడగకుండా వదిలేసిన ప్రశ్న ఆ రోజు నుంచి నా ఎదురుగా కూచునే ఉంది. మా ఆస్పత్రి పాత రిజిస్టర్లు చెదలకి పోయాయి. ఉన్నా వాటిలో బిడ్డ పేరు, తండ్రి పేరు, ఫిల్ము సైజు ఉంటాయి తప్ప, బిడ్డని పట్టుకున్నదెవరో రాసే గడి లేదు. నేను పోతే ఆ సంగతి తెలిసినవాళ్ళు ఉండరు. అందుకని రాస్తున్నాను. ముఖ్యంగా ఎక్స్‌రే గదుల్లో కొత్తగా చేరిన పిల్లల కోసం. పేర్లు మాత్రం రాయను. వాళ్ళ పిల్లలూ మనవలూ ఇంకా పల్నాట్లోనే ఉన్నారు.

అరవైల మొదటి మాట. సాగర్ డ్యామ్ కడుతున్న రోజులు. మాచర్లకి కాస్త ఎడంగా ఒక చిన్న మిషన్ ఆస్పత్రి ఉండేది. నేను నరసరావుపేట పక్క పల్లెటూరివాణ్ణి. తొమ్మిదో క్లాసుతో చదువు ఆగిపోయి, ఆ ఆస్పత్రిలో నీళ్ళు మోసే పనికి చేరాను. డార్క్‌రూములో ఖాళీ డబ్బాల మీద ఉన్న ఇంగ్లీషు కూడబలుక్కుంటూ చదువుతుంటే డాక్టరమ్మ చూసింది. ఆమె గుంటూరు వైపు మనిషి, పెళ్ళి చేసుకోలేదు, కోపం ముక్కు మీదే ఉండేది. "నీళ్ళు మోసేవాళ్ళు దొరుకుతారు, చదివేవాడు దొరకడు" అని నన్ను ఆరు నెలలు గుంటూరు పంపి ఎక్స్‌రే పని నేర్పించింది.

ఆ ఆరు నెలలూ నాకు చాలలేదు. అందుకని మాచర్ల గ్రంథాలయాన్ని నా కాలేజీ చేసుకున్నాను. వారానికి రెండు సాయంత్రాలు సైకిలు తొక్కుకుంటూ వెళ్ళేవాణ్ణి. అక్కడ ఒక రిటైరైన డాక్టరు ఇచ్చిపోయిన ఇంగ్లీషు పుస్తకాలు అడుగు అరలో ఉండేవి. అందులో ఒకటి ఎక్స్‌రే పని మీద, ఇటుకంత లావుది. నేను తప్ప దాన్ని తీసినవాడు లేడు. గ్రంథాలయం చూసే పంతులుగారు నేను గుమ్మం ఎక్కగానే, "రావయ్యా, నీ ఇటుక నీకోసం కాచుకునుంది" అనేవారు. పక్కన డిక్షనరీ, ముందు నోటుబుక్కు. ఒక్కొక్క వాక్యం తెలుగు చేసి రాసుకునేవాణ్ణి. మా ఆస్పత్రిలో డాక్టరమ్మ తర్వాత అంత చదివినవాణ్ణి నేనే అనుకునేవాణ్ణి. నిజానికి డాక్టరమ్మ కంటే కూడా అనుకున్న రోజులున్నాయి.

ఇక ఆయమ్మ, మా ఆస్పత్రిలో ఆయా. అప్పటికి నలభై దాటిన మనిషి. ప్రొటెస్టెంటు. భర్త చిన్నవయసులోనే పోయాడు, పిల్లలు లేరు. నేను రాకముందు నుంచీ ఎక్స్‌రే గదిలో పిల్లల్ని పట్టుకునే పని ఆమెదే. పురిటి బిడ్డలే కాదు, చెయ్యి విరిగిన పిల్లలు, దగ్గుతో చిక్కిపోతున్న పిల్లలు, అందరినీ ఆమే పట్టేది. ఫిల్ము తీసేటప్పుడే కాదు. డాక్టరమ్మ చీకట్లో తెర మీద గుండె, ఊపిరితిత్తులు కదలడం చూసేటప్పుడు నిమిషాల తరబడి పట్టుకుని నిలబడేది.

ఆ పట్టే పట్టు చూసి తీరాలి. ఎడమ చేత్తో రెండు కాళ్ళు, కుడి చేత్తో రెండు చేతులూ చెవుల పక్కకి ఎత్తి, ఏదో కీర్తన కూనిరాగం తీసేది. అంతవరకూ కొంపలంటుకున్నట్టు ఏడ్చే బిడ్డ ఠక్కున ఆగి ఆమె మొహం కేసి చూసేవాడు. నేను ఆ లోపల మీట నొక్కాలి.

"నా చెయ్యి పడితే గిత్తదూడైనా కదలదు. నీదే ఆలీసం, నొక్కు నొక్కు" అనేది.

ఆ రోజుల్లో మేం తీసిన ప్రతి చంటిబిడ్డ ఫిల్ములోనూ పైన, కింద ఆమె వేళ్ళ ఎముకలు పడేవి. బిడ్డ పక్కటెముకలు చీపురుపుల్లల్లా సన్నగా, వాటికి అటూ ఇటూ ఆమె వేళ్ళు లావుగా తెల్లగా. డాక్టరమ్మ ఫిల్ము కిటికీకి ఎత్తి, "ఆయమ్మ ఎడమ చెయ్యి దివ్యంగా ఉంది, బిడ్డ ఊపిరితిత్తులే బాగాలేవు" అనేది. మేమంతా నవ్వేవాళ్ళం.

మా దగ్గర సీసం ఏప్రన్ ఒక్కటే ఉండేది. దాన్ని వేసుకునేది నేను. సీసం రేకు కొట్టిన చెక్క తడిక వెనక నిలబడి, ఏప్రన్ కూడా వేసుకుని, మీట నొక్కేది నేను. కిరణం దారిలో చేతులు పెట్టి వట్టి నేత చీరతో నిలబడేది ఆమె. ఒకసారి అడిగాను, నిజం చెప్పాలంటే అడిగాననిపించుకోవడానికి అడిగాను.

"ఆ బండ నాకెందుకయ్యా? అది తగిలితే చంటిది చలికి ఉలిక్కిపడుద్ది. నువ్వేసుకో, పెళ్ళి కావాల్సినోడివి" అంది.

నేను వేసుకున్నాను. రెండోసారి అడగలేదు.

ఆ మొదటి ఏడాదిలోనే నేను ఇంకో ఘనకార్యం చేశాను. కొత్తగా చేరిన నర్సమ్మ ఒకామె, పెళ్ళై ఏడాది కాలేదు, ఆయమ్మ సెలవులో ఉంటే బిడ్డని పట్టుకోబోయింది. నేను అడ్డం వెళ్ళాను. వారం కిందటే నా ఇటుకలో చదివాను: పడుచు ఆడవాళ్ళు, ముఖ్యంగా కడుపుతో ఉన్నవాళ్ళు, ఈ పనికి రాకూడదు, వయసు మళ్ళినవాళ్ళు మేలు. ఆ వాక్యం తెలుగు చేస్తుండగా పంతులుగారు కిటికీలు వేయడం మొదలుపెట్టారు. పుస్తకం మూసి వచ్చేశాను. తర్వాత వెళ్ళినప్పుడు వేరే అధ్యాయం మీద మనసు పోయింది.

ఆ ఒక్క వాక్యంతో అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాసి ఎక్స్‌రే గది తలుపుకి కొట్టాను. "చంటిపిల్లలను ఆయమ్మ మాత్రమే పట్టుకొనవలెను." డాక్టరమ్మ చదివి, "పరవాలేదే, చదివినది పనికి తెచ్చావు" అంది. ఆ మాటకి రెండు రోజులు నేల మీద నడవలేదు. అంతవరకూ అలవాటుగా సాగుతున్నదాన్ని చట్టం చేసి తలుపుకి మేకుకొట్టింది నేనే.

మూడో ఎండాకాలం వచ్చింది. రెంటచింతల, మాచర్ల ఎండ గురించి ఎరగనివాళ్ళకి చెప్పినా నమ్మరు. డార్క్‌రూములో ఫిల్ములు కడిగే మందునీళ్ళు మధ్యాహ్నానికి స్నానానికి పనికొచ్చేంత వేడెక్కేవి. ఆ వేడికి ఫిల్ము మీద పూత పాల మీద మీగడ జారినట్టు జారిపోయేది. బొమ్మ చెడితే మళ్ళీ తీయాలి. మళ్ళీ బిడ్డ, మళ్ళీ ఆయమ్మ. ఒక్కొక్క రోజు ఒకే బిడ్డకి మూడుసార్లు తీశాను. తడి గోనెసంచులు చుట్టాను, కుండల్లో బావినీళ్ళు పెట్టి వాటి మధ్య తొట్టి దించాను. చాలలేదు. ఎండకి విరుగుడు ఏదైనా ఉందేమోనని మళ్ళీ నా ఇటుక దగ్గరికి పోయాను.

పంతులుగారు నవ్వారు. "ఇది మొత్తం చదివేశానన్నావుగా, ఊరంతా చెప్పుకున్నావు?"

"చదివానండీ. ఎండ ముక్క ఒకటి చూడాలి."

ఎండ ముక్క వెతుకుతుంటే ఆ పాత పేజీ తగిలింది. మార్జిన్లో నా పెన్సిలు గీత కూడా ఉంది. వయసు మళ్ళినవాళ్ళు మేలు, అక్కడికి పేజీ అయిపోయింది. ఈసారి పేజీ తిప్పాను. అవతలి వైపు మొదటి వాక్యం: అయితే ఒకే మనిషిచేత ఈ పని పదే పదే చేయించరాదు. బిడ్డ బంధువులే పట్టుకోవాలి, వాళ్ళకి ఏప్రన్, చేతి తొడుగులు ఇవ్వాలి, వాళ్ళ చేతులు కిరణం దారిలో ఉండరాదు. అసలు ఎవరూ పట్టుకోకుండా కుదిరితే అదే అన్నిటికన్నా మంచిది.

అందులో నాకు తెలియని మాట ఒక్కటీ లేదు. అయినా డిక్షనరీ తీసి ఒక్కొక్క మాటా చూశాను. వేరే అర్థం ఎక్కడైనా దొరుకుతుందేమోనని.

మర్నాడు మొదటిసారి ఆయమ్మ చేతులు చూశాను. అంతవరకూ వాటి ఎముకలు చూశాను గానీ చేతులు చూడలేదు. గోళ్ళ మీద పొడుగునా గీతలు లేచి, అంచులు పెళుసుగా విరిగి ఉన్నాయి. వేళ్ళ చివర చర్మం నిగనిగలాడుతూ బిగుసుకుపోయి, కణుపుల దగ్గర పగిలి ఉంది. కుడి చూపుడువేలు మీద చిన్న పులిపిరికాయ లాంటిది.

"ఏంటిది ఆయమ్మా?"

"సున్నం కొట్టిందిలే. తమలపాకు అలవాటు. పైన ఫినాయిలు ఒకటాయె."

డాక్టరమ్మ కూడా ఫినాయిలే అనుకుని ఏదో పూత మందు ఇచ్చిందట. అందరికీ ఏదో ఒక కారణం దొరికింది. నాకు ఇంకో కారణం తెలుసు, కానీ రుజువు లేదు. రుజువు ఎట్లా తెలుసుకోవాలో కూడా ఆ పుస్తకంలోనే ఉంది. డార్క్‌రూములో ఫిల్ము ముక్కలు రెండు చిన్నవి కత్తిరించి, వెలుతురు దూరకుండా నల్లకాగితంలో చుట్టాను. ఒకదాని మీద పిన్నీసు, ఇంకోదాని మీద నా ట్రంకుపెట్టె తాళంచెవి పెట్టి ప్లాస్టరు వేశాను. పిన్నీసుది నా చొక్కా జేబులో. తాళంచెవిది ఆయమ్మకి ఇచ్చి, ఈ గదిలో ఉన్నంతసేపూ కొంగున కట్టుకోమన్నాను.

"ఏందిది, తాయెత్తా?"

"అట్లాంటిదే."

"మా పాస్టరయ్య చూశాడంటే గుళ్ళోంచి గెంటుతాడయ్యా" అంటూనే తమలపాకుల పక్కన ముడేసుకుంది.

పదిహేను రోజుల తర్వాత తెల్లారుజామున, నీళ్ళు ఇంకా చల్లగా ఉన్నప్పుడు రెండూ కడిగాను. నా ముక్క గాజుపలకలా తేటగా వచ్చింది. నా జేబు ఏప్రన్ కింద ఉంది కదా. ఆమె ముక్క నల్లగా వచ్చింది. ఆ నలుపు మధ్యలో నా తాళంచెవి తెల్లగా, పళ్ళతో సహా.

ఆమెకే ముందు చూపించాను. ఎత్తి పట్టుకుని చూసి మురిసిపోయింది. "అబ్బో, నా కొంగులో ఉన్న తాళాన్ని ఎప్పుడు ఫోటో తీశావయ్యా?"

"నేను తియ్యలేదు ఆయమ్మా. నువ్వు పిల్లల్ని పట్టుకున్నప్పుడల్లా కిరణం నీకూ తగిలి అదే పడింది. కొంగులో ఉన్నదాని మీదే ఇంత పడితే, చేతుల మీద ఎంత పడిందో చూడు. నీ గోళ్ళకి వచ్చింది సున్నం కాదు."

ఆమె చేతులు రెండూ చూసుకుని కొంగు కిందకి లాక్కుంది.

"డాక్టరమ్మకి చెప్పావా?"

"ఇంకా లేదు."

"చెప్పమాకయ్యా. చేతులు పాడైన ఆయాని ఎవరు ఉంచుకుంటారు? పోయినేడు నడుం పడిపోయిందని వంటామెని పంపేశారు, చూశావుగా. నాకు ఎనకా ముందూ ఎవరున్నారు? ఈ చేతులే గదా నాకున్నది. వీటికోసమే గదా నన్ను పిలుస్తారు."

సరే అన్నాను. ఆమె బతిమాలింది కాబట్టి చెప్పలేదని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు ఈ వయసులో ఎవరికి దాచాలి? చెబితే తలుపు మీద అట్టముక్క సంగతి బయటికొస్తుంది. అరకొర చదువుతో చట్టం రాశానని తెలుస్తుంది. నా భయం ఆమె భయం వెనక దాక్కుంది.

మొదటి మూడు రోజులు మిషను చెడిందని అబద్ధం ఆడాను. జనరేటరు చూసే మెకానిక్కు, సాయిబు, పిల్లలకి అక్షరాలు దిద్దించినట్టు నాకు ఒక్కొక్క తీగే చూపించి, "మిషన్ బంగారంలా ఉంది భాయ్, నీకే ఏదో చెడింది" అన్నాడు. నాలుగో రోజు నుంచి మళ్ళీ మామూలే. ఆమె పట్టుకుంది, నేను మీట నొక్కాను. నొక్కేటప్పుడు కళ్ళు మూసుకునేవాణ్ణి. దానివల్ల ఎవరికేం లాభమో ఇప్పటికీ తెలియదు.

పన్నెండో రోజు ఉదయం డ్యామ్ పని మీద వచ్చిన కూలీల గుడిసెల నుంచి ఒక బిడ్డని తెచ్చారు. కృష్ణ అవతలి గట్టు వాళ్ళు. నెల ముందుగా పుట్టిన మగబిడ్డ. పుట్టి రెండు రోజులు. వెంట తెచ్చిన తల్లి వార్డులో లేవలేకుండా ఉంది, బిడ్డని పట్టుకుని వచ్చింది అమ్మమ్మ. ఊపిరికి ఒళ్ళంతా ఎగిరిపడుతోంది, పెదాలు నేరేడుపండు రంగు. డాక్టరమ్మ గొట్టం పెట్టి విని, "ఒక పక్క ఊపిరి సరిగా వినపడటం లేదు. లోపల గాలి చేరిందా, నీరు చేరిందా, ఫిల్ము లేకుండా సూది పెట్టలేను. తొందరగా. ఆయమ్మని పిలువు" అంది.

"వద్దండి" అన్నాను.

"ఏమిటి వద్దు?"

"ఆయమ్మ పట్టుకోకూడదండి."

"తలుపు మీద రాసింది నువ్వే కదా? ఇప్పుడా నీ ఎదురుమాటలు?"

చొక్కా జేబులోంచి ఆ ఫిల్ము ముక్క తీసి ఇచ్చాను. ఆయమ్మ కొంగులో పదిహేను రోజులున్నదని చెప్పాను. ఆమె గోళ్ళ సంగతి చెప్పాను. పేజీ తిప్పలేదని కూడా చెప్పాను. డాక్టరమ్మ కిటికీకి ఎత్తి చూసింది.

"ఇది కడిగి ఎన్నాళ్ళైంది?"

"పదకొండు రోజులండి."

"ఈ పదకొండు రోజుల్లో ఎంతమంది పిల్లల్ని పట్టుకుంది?"

ఆ లెక్క నాకు తెలుసు. ఒంటి మీదున్న ఏప్రన్ సర్దుకున్నాను.

"ఏప్రన్ విప్పు" అంది. విప్పాను. తనే వేసుకుని బిడ్డని పట్టుకుంటానని చేతులు చాచింది. అమ్మమ్మ బిడ్డని గుండెకి కరుచుకుని వెనక్కి జరిగింది. "నేనియ్య. పురుడు ఎల్లని పిల్లగాణ్ణి చీకటి అర్రల బెడ్తరా? నేనియ్య." బిడ్డ ఎగిరిపాటు ఎక్కువైంది. అక్కడ గడిచే ఒక్కొక్క నిమిషం ఆ పెదాల మీద కనిపిస్తోంది.

అప్పుడు గుమ్మంలోంచి ఆయమ్మ గొంతు వినపడింది. వరండాలో నిలబడి అంతా విన్నదన్న మాట.

"ఎవ్వరూ పట్టుకోబళ్ళేదమ్మా. చేట తెస్తానుండండి."

అన్నదే తడవు వంటింటికి ఉరికింది. బియ్యం చెరిగే చేట, ఇంకా తవుడు అంటుకుని ఉన్నది, దులుపుకుంటూ వచ్చింది. "పుట్టగానే చేటలో పండబెట్టమా? అందులో ఎవరు పట్టుకుంటారు? దాని మానాన అది పడుకోదూ?" అంటూ నాలుగు మడతల పాత చీర పరిచింది.

చేట చూడగానే అమ్మమ్మ మొహం మారిపోయింది. "గట్ల జెప్పరాదె ముందుగల్ల? చాటల పండబెట్టుడైతే మంచిదే. మా దిక్కు గూడ గట్లనే జేస్తం" అని బిడ్డని తన చేతుల్తోనే అందులో పెట్టింది. ఆయమ్మ మెత్తటి గుడ్డ పట్టీలతో కాళ్ళు చుట్టింది. చేతులు చెవుల పక్కకి ఎత్తి, ఊపిరికి అడ్డం రాకుండా, చేట అంచుకి ముడేసింది. నడుం దగ్గర ఇంకో పట్టీ. అంతా కలిపి ఊపిరి బిగపట్టి పదంకెలు లెక్కపెట్టేంత సేపు. అమ్మమ్మ చేట అంచు మీద వేలితో తడుతూ ఏదో మెల్లగా పాడింది. బిడ్డ కదలడం తగ్గింది. ఫిల్ము పెట్టె చేట కిందకి తోశాను. అందరినీ తడిక వెనక్కి రమ్మన్నాను. ఆ గది కట్టాక మొదటిసారి, మిషను కింద బిడ్డ తప్ప ఎవరూ లేరు.

ఒక్కసారి నొక్కాను. కుండల్లో నీళ్ళు తెల్లవారుజామువి కాబట్టి చల్లగానే ఉన్నాయి. ఫిల్ము చెడలేదు. కుడి పక్క ఊపిరితిత్తి చుట్టూ నల్లగా గాలి. డాక్టరమ్మ తడి ఫిల్మునే ఒక్కసారి చూసి సూది పెట్టింది. బుస్సుమని గాలి బయటికొచ్చిన చప్పుడు నాకు వినపడిందని ఇప్పటికీ అనుకుంటాను. కాసేపటికి నేరేడు రంగు దిగింది. బిడ్డ ఏడ్చాడు, ఆ ఏడుపుకి అమ్మమ్మ కూడా ఏడ్చింది.

ఆయమ్మ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. చేతులు కొంగు కింద.

"నన్ను పంపించేస్తారా అమ్మా?"

డాక్టరమ్మ ఏప్రన్ విప్పుతూ, "ఎక్కడికి పంపేది? చేటలో ఇట్లా కట్టడం ఈ ఆస్పత్రిలో ఇంకెవరికి వచ్చు? రేపటి నుంచి నర్సులందరికీ నేర్పు. మిషను నడిచేటప్పుడు మాత్రం నువ్వు ఈ గుమ్మం దాటావంటే కాళ్ళు విరగ్గొడతాను" అంది. తర్వాత నా వైపు తిరిగింది. ఏం తిడుతుందో అనుకున్నాను.

"నువ్వు చదువుకునేవాడివి కదయ్యా" అంది, అంతే. ఉద్యోగంలో నేను తిన్న తిట్లన్నీ మరిచిపోయాను గానీ అది మాత్రం మరిచిపోలేదు. అట్టముక్క నేనే పీకాను. ఆ మేకు గట్టిగా కొట్టాను, తలుపు చెక్క కొంచెం ఊడొచ్చింది.

ఆ ఫిల్ము గుంటూరు పెద్ద డాక్టరుగారికి చూడమని పంపాం. ఆయన జవాబులో, బిడ్డ కోలుకుంటాడు, సందేహం లేదు, కానీ బిడ్డ రొమ్ము మీద చాప ఎందుకు పరిచారో తెలియజేయగలరు అని రాశారు. వెదురు అల్లిక గీతలు ఫిల్ములో సన్నగా పడ్డాయి. డాక్టరమ్మ అది పైకి చదివి అంతలా నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు. ఆ తర్వాత మేదరి ఇంటికి పోయి, మధ్యలో బద్దలు లేకుండా ఒక చేట అల్లించాం. ఆ ఖాళీలో ఆయమ్మే దళసరి గుడ్డ బిగించి కుట్టింది. సాయిబు మెకానిక్కు సీసం రేకు సంపాదించి, నడుమ అరచేతి వెడల్పున కంత కోసి మిషను మూతికి బిగించాడు. దాంతో కిరణం బిడ్డ రొమ్ము దాటి పక్కలకి పోవడం తగ్గింది. ఏప్రన్ ఇక నుంచి లోపల ఎవరు నిలబడాల్సి వస్తే వాళ్ళదే. నాకు తడిక చాలు.

ఇదంతా రాస్తూ నేనేదో సాధించానని మీకు అనిపిస్తే నేను సరిగ్గా రాయలేదన్న మాట. ఆయమ్మ చేతులకి కిరణం తగలడం ఆగింది గానీ, పాత చేతులు వెనక్కి రాలేదు. పులిపిరి అనుకున్నది రెండేళ్ళకి పుండై, గుంటూరులో కుడి చూపుడువేలు రెండో కణుపు దాకా తీసేశారు. ఇంకా పాకకుండా అక్కడితో ఆగింది. అది అదృష్టమని డాక్టర్లన్నారు. ఆ పదకొండు రోజులు దానికి ఎంత కలిపాయో చెప్పగలిగేవాడు లేడు. పుస్తకంలోనూ వెతికాను.

మీలో చదువు మీద ప్రేమ ఉన్నవాళ్ళకి ఒక్క మాట. చదవండి. కానీ మీకు నచ్చిన వాక్యం దొరికిన చోట పుస్తకం మూయకండి. నచ్చిన వాక్యం దొరికిందంటే, అక్కడ ఇంకాస్త ఆగి చూడండి.

ఇక నేను కృతజ్ఞతలు చెప్పుకోవాలి. పేర్లు రాయనన్నాను కాబట్టి, మేం పిలుచుకున్న పిలుపులతోనే చెబుతాను. నన్ను నీళ్ళ కావడి కింద నుంచి తీసి పుస్తకం ముందు కూచోబెట్టి, తప్పు చేసిన రోజున కూడా ఉద్యోగంలో ఉంచిన డాక్టరమ్మకి. నాకోసం కిటికీలు ఆలస్యంగా మూసిన గ్రంథాలయం పంతులుగారికి. చివరిదాకా చేతి ఖర్చు కూడా తీసుకోని సాయిబు భాయ్‌కి. మధ్యలో బద్దలు లేని చేట ఎందుకని వెయ్యిసార్లు అడిగి, అయినా అల్లిచ్చిన మేదరి తాతకి. బిడ్డని నమ్మి మా చేతుల్లో పెట్టిన అవతలి గట్టు అమ్మమ్మకి. ఈ రాత రాయించిన మా మనవరాలికి.

ఆయమ్మకి కూడా చెప్పుకోవాలనే పోయాను, ఆమె గుంటూరు నుంచి వేలు లేకుండా తిరిగొచ్చిన మర్నాడు. వార్డులో కట్టు చేత్తోనే ఒక చంటివాణ్ణి చేటలో సర్దుతోంది. ఎదురుగా నిలబడ్డాను. ఏప్రన్ సంగతి, పేజీ సంగతి, పదకొండు రోజుల సంగతి, అన్నీ వరసగా చెప్పి క్షమించమని అడగాలని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. ఒక్కటీ రాలేదు. నాకు తెలియకుండానే వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆయమ్మ తలెత్తి, మంచి చేతి వేలు పెదాల మీద పెట్టుకుంది.

"ఏడవమాకయ్యా. ఇప్పుడే కళ్ళు మూశాడు, లేస్తాడు."